కొత్తగా బిగించిన కంప్యూటర్ ఆన్ కావట్లేదా? ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

చివరి స్క్రూ బిగించి, కేబుళ్లన్నీ సర్ది, పవర్ బటన్ నొక్కితే కంప్యూటర్ ఉలకదు, పలకదు. లేదంటే ఫ్యాన్లు గిర్రున తిరుగుతాయి గానీ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. పెట్టిన డబ్బంతా కళ్ల ముందు కదిలి గుండె గుభేలుమంటుంది. ఏదో కాలిపోయిందన్న టెన్షన్ పట్టుకుంటుంది.

కాస్త కుదుటపడండి. నేను బిగించిన మెషిన్ల కంటే, వేరేవాళ్లు బిగించి నా దగ్గరికి తెచ్చినవే ఎక్కువ. వాటిలో నిజంగా పార్టు చెడిపోయినవి తక్కువ. సగం వరకే వెళ్లిన కేబులో, ఒకవైపు సరిగా కూర్చోని ర్యామో, ఉండకూడని చోట ఉన్న స్క్రూనో దొరుకుతుంది.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కంగారులో ర్యామ్ మార్చి, గ్రాఫిక్స్ కార్డు పీకి, బ్యాటరీ కూడా తీసేసి అప్పుడు ఆన్ చేస్తారు. మెషిన్ లేచినా తప్పు ఎక్కడుందో తెలియదు. లేవకపోతే కొత్త తప్పేమైనా చేరిందేమో అదీ తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చింది ఏమిటో, అప్పుడు ఏం జరిగిందో కాగితం మీద రాసుకోండి. ఐదో ప్రయత్నం దగ్గరికి వచ్చేసరికి ఆ కాగితమే దిక్కవుతుంది.

బటన్ నొక్కాక లోపల జరిగేది

ఇది తెలిస్తే సగం పని అయినట్టే. గోడ ప్లగ్గులో కరెంటు ఉండి, పవర్ సప్లై వెనక స్విచ్చు ఆన్‌లో ఉంటే, బటన్ నొక్కకముందే మదర్‌బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతూ ఉంటుంది. బటన్ నొక్కగానే బోర్డు పవర్ సప్లైని లేపుతుంది. అది 12, 5, 3.3 వోల్టుల లైన్లు అన్నిటినీ నిలబెట్టి, అన్నీ సరిగా ఉన్నాయని పవర్ గుడ్ అనే సంకేతం పంపుతుంది. ఈ సంకేతం రావడానికి 100 నుంచి 500 మిల్లీసెకన్లు పడుతుంది. అది వచ్చేదాకా బోర్డు ప్రాసెసర్‌ను కదలనివ్వదు.

ఆ తర్వాత ప్రాసెసర్ లేచి బయోస్‌ను (మెషిన్‌ను మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రామ్) చదువుతుంది, ర్యామ్‌ను పరీక్షించి సిద్ధం చేస్తుంది, గ్రాఫిక్స్‌ను పలకరిస్తుంది, చివరికి విండోస్ ఉన్న డ్రైవ్‌ను వెతుకుతుంది. ఈ వరుసలో మీ మెషిన్ ఎంత దూరం వెళ్లి ఆగిందో చూస్తే, ఏ పార్టు దగ్గర వెతకాలో దానంతటదే తెలుస్తుంది. మిగతా పార్టుల జోలికి వెళ్లనక్కర్లేదు.

పని మొదలుపెట్టే ముందు కొన్ని జాగ్రత్తలు. లోపల చెయ్యి పెట్టే ప్రతిసారీ ప్లగ్గు తీసేయండి. ఆ తర్వాత పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి, బోర్డులో మిగిలిన ఛార్జి పోతుంది. స్టాటిక్ వల్ల పార్టులు దెబ్బతినకుండా, క్యాబినెట్‌లో పెయింటు లేని లోహాన్ని మధ్యమధ్యలో తాకుతూ ఉండండి. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఏ పరిస్థితిలోనూ విప్పొద్దు. ప్లగ్గు తీసేసినా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉంటుంది.

అసలు ఉలుకూ పలుకూ లేకపోతే

ముందు మదర్‌బోర్డు మీద ఎక్కడైనా చిన్న లైటు వెలుగుతోందేమో చూడండి. వెలుగుతోందంటే స్టాండ్‌బై కరెంటు వస్తోంది, గోడ నుంచి బోర్డు దాకా దారి బాగానే ఉంది. అన్ని బోర్డులకూ ఈ లైటు ఉండదు కాబట్టి, లేనంతమాత్రాన కరెంటు రావడం లేదని తేల్చేయకండి.

గోడ సాకెట్లో వేరే వస్తువు పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడుతుంటే దాన్ని తప్పించి నేరుగా గోడకు పెట్టండి. పవర్ సప్లై వెనక స్విచ్చు మీద నిలువు గీత ఉన్న వైపు ఆన్, సున్నా ఉన్న వైపు ఆఫ్. అనుభవం ఉన్నవాళ్లు కూడా దీన్ని మర్చిపోతారు. పవర్ సప్లైలోకి వెళ్లే కేబుల్ వదులుగా ఉందేమో కూడా గట్టిగా నొక్కి చూడండి.

తర్వాత 24 పిన్నుల పెద్ద కనెక్టర్. కొత్త బోర్డులో ఇది చాలా బిగుతుగా వెళ్తుంది. బోర్డు కాస్త వంగేసరికి విరిగిపోతుందేమోనని భయపడి చాలామంది మధ్యలోనే ఆపేస్తారు. బోర్డు అంచు కింద రెండో చేత్తో ఆసరా ఇచ్చి, పక్కనున్న క్లిప్పు బోర్డు కొక్కేన్ని పట్టుకునేదాకా నొక్కండి. మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడివచ్చే) పవర్ సప్లై అయితే అవతలి కొసను కూడా చూడండి.

ఇంకా కదలకపోతే అనుమానం బటన్ మీదకు మళ్లాలి. క్యాబినెట్ ముందు బటన్ నుంచి వచ్చే రెండు సన్నని వైర్లు బోర్డు కింది అంచున ఉన్న చిన్న పిన్నుల గుంపులోకి వెళ్తాయి. ఒక్క పిన్ను పక్కకు పెట్టినా బటన్ పనిచేయదు. బోర్డు మాన్యువల్లోని బొమ్మ చూసి పవర్ స్విచ్చు పిన్నులు రెండూ ఏవో గుర్తించండి. ఆ వైరు తీసేసి, స్క్రూడ్రైవర్ మొనతో రెండు పిన్నులనూ ఒక్క క్షణం కలిపి వదలండి. బటన్ చేసేదీ ఇదే పని. మెషిన్ లేచిందంటే తప్పు బటన్‌ది గానీ వైరు పెట్టిన చోటుది గానీ. పవర్ స్విచ్చు వైరును ఎటు తిప్పి పెట్టినా ఫర్వాలేదు, లైట్ల వైర్లకు మాత్రం ప్లస్, మైనస్ చూడాలి.

అప్పటికీ కదలిక లేకపోతే పవర్ సప్లైని ఒంటరిగా పరీక్షించండి.

1. ప్లగ్గు తీసి, బోర్డు, డ్రైవ్‌లు, గ్రాఫిక్స్ కార్డు అన్నిటి నుంచీ కేబుళ్లు విడదీయండి. తిరుగుతోందో లేదో కనిపించడానికి ఒక క్యాబినెట్ ఫ్యానును మాత్రం తగిలించండి. లోడ్ లేనప్పుడు కొన్ని పవర్ సప్లైలు తమ సొంత ఫ్యానును తిప్పవు.

2. 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరు ఒక్కటే ఉంటుంది. దాన్నీ, పక్కనే ఉన్న నల్ల వైరునూ పేపర్ క్లిప్పుతో కలపండి. క్లిప్పు పెట్టాకే ప్లగ్గు పెట్టి, స్విచ్చు వేయాలి.

3. ఫ్యాను తిరిగితే పవర్ సప్లై లేస్తోందని అర్థం. మల్టీమీటర్ ఉంటే పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య రావాలి.

ఇప్పుడొచ్చే పవర్ సప్లైలు చాలావాటిలో వైర్లన్నీ నల్లగానే ఉంటాయి. అప్పుడు పిన్నులు లెక్కపెట్టి ఊహతో కలపొద్దు, ఒక్క పిన్ను తప్పితే షార్ట్ అవుతుంది. డబ్బాతోపాటు వచ్చిన టెస్టర్ మూతను గానీ, విడిగా దొరికే పవర్ సప్లై టెస్టర్‌ను గానీ వాడండి. ఇంకో మాట: ఈ పరీక్షలో ఫ్యాను తిరిగినంతమాత్రాన పవర్ సప్లై పూర్తిగా బాగున్నట్టు కాదు, లోడ్ పడ్డాక పడిపోయేవీ ఉంటాయి. తిరగకపోతే మాత్రం అది పోయినట్టే.

ఒక్క క్షణం తిరిగి ఆగిపోతుంటే

టక్‌మని చప్పుడై, ఫ్యాను పావు చుట్టు తిరిగి ఆగిపోయిందంటే పవర్ సప్లై తనను తాను కాపాడుకుంటోందని అర్థం. ఎక్కడో షార్ట్ ఉంది. ఇలాంటప్పుడు బటన్‌ను పదేపదే నొక్కకండి. వెనక స్విచ్చు ఆపి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, అప్పుడు వెతకండి.

నాకు బాగా గుర్తున్నది ఒక పాత క్యాబినెట్. అందులో కొత్త బోర్డు బిగించాను. టక్, ఆఫ్. మళ్లీ టక్, ఆఫ్. పవర్ సప్లై మార్చాను, ర్యామ్ తీశాను, అదే వరస. చివరికి బోర్డును పైకి లేపితే, దాని వెనక వేలిగోరంత గీత కనిపించింది. సరిగ్గా దాని కింద, బోర్డుకు కన్నం లేని చోట, ఇత్తడి స్టాండాఫ్ (బోర్డు క్యాబినెట్‌కు తగలకుండా ఎత్తులో నిలిపే చిన్న కాలు) ఒకటి నిలబడి ఉంది. అంతకుముందు వేరే సైజు బోర్డు కోసం పెట్టింది అలాగే మిగిలిపోయింది. అది తీసేసి మళ్లీ బిగిస్తే మొదటి నొక్కుకే లేచింది. అదృష్టం కొద్దీ బోర్డుకు ఏమీ కాలేదు. అప్పటి నుంచి బోర్డు పెట్టే ముందు స్టాండాఫ్‌లనూ బోర్డు కన్నాలనూ ఒక్కొక్కటిగా సరిచూసుకుంటున్నాను. మీరూ అలాగే చేయండి. జారిపడిన స్క్రూ బోర్డు కింద ఉందేమో కూడా చూడండి. క్యాబినెట్‌ను నెమ్మదిగా వంచి ఊపితే గలగలమంటుంది.

క్యాబినెట్ ముందు యూఎస్‌బీ పోర్టుల కేబుల్ మరో అనుమానితుడు. దాని వెడల్పాటి కనెక్టర్‌ను వంకరగా నొక్కితే బోర్డు మీది పిన్ను వంగి పక్కదాన్ని తాకుతుంది. ఆ కేబుల్ తీసేసి ఒకసారి ఆన్ చేసి చూడండి.

మాడ్యులర్ పవర్ సప్లై కేబుళ్ల గురించి గట్టిగానే చెప్పాలి. వేరే పవర్ సప్లై కేబుల్ మీ దానికి పట్టినా వాడకండి, కంపెనీ ఒకటే అయినా సరే. బోర్డు వైపు కొసకు ప్రమాణం ఉంది, పవర్ సప్లై వైపు కొసకు లేదు. ప్లగ్గు సరిగ్గా పట్టేస్తుంది కానీ, 5 వోల్టులు రావాల్సిన చోట 12 రావచ్చు. అలా డ్రైవ్‌లు కాలిపోయినవాళ్లు ఉన్నారు.

ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ మాత్రం నలుపు

నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇవే. దీని మీద కాస్త సమయం పెట్టాలి.

మానిటర్ కేబుల్‌తో మొదలుపెట్టండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి, బోర్డు మీది పోర్టుకు కాదు. కార్డు లేకపోతే మీ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉందో లేదో చూసుకోండి. ఇంటెల్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే సొంత గ్రాఫిక్స్ ఉండదు. ఏఎండీ రైజెన్ 5000 డెస్క్‌టాప్ వరసలో జీ అక్షరం ఉన్నవాటికే ఉంటుంది. లేని ప్రాసెసర్‌తో బోర్డు పోర్టులో ఎంతసేపు వెతికినా బొమ్మ రాదు. మానిటర్‌లో ఇన్‌పుట్ సరైనది ఎంచుకున్నారా, గ్రాఫిక్స్ కార్డుకు పవర్ కేబుల్ పూర్తిగా వెళ్లిందా అన్నది కూడా అప్పుడే చూసేయండి.

రెండోది, ప్రాసెసర్ పవర్ కేబుల్. బోర్డు పై అంచున, ఎడమ మూలలో, 8 పిన్నుల కనెక్టర్ ఉంటుంది. కూలర్ వెనక దాక్కుని ఉంటుంది కాబట్టి మర్చిపోవడం తేలిక. ఇది లేకపోయినా ఫ్యాన్లు, లైట్లు అన్నీ పనిచేస్తాయి, ప్రాసెసర్ మాత్రం లేవదు. గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే 8 పిన్నుల కేబుల్ చూడటానికి ఇలాగే ఉంటుంది గానీ వేరు. ప్రాసెసర్‌ది 4, 4గా విడిపోతుంది, గ్రాఫిక్స్‌ది 6, 2గా విడిపోతుంది. బలవంతంగా నొక్కాల్సి వస్తోందంటే తప్పు కేబుల్ పట్టుకున్నారని అర్థం. కొన్ని బోర్డులకు పక్కన అదనంగా ఇంకో 4 లేదా 8 పిన్నులు ఉంటాయి. మామూలుగా మెషిన్ లేవడానికి మొదటి 8 పిన్నులు చాలు.

మూడోది ఓపిక. డీడీఆర్5 ర్యామ్ ఉన్న మెషిన్ మొదటిసారి ఆన్ అయినప్పుడు, బోర్డు ఆ ర్యామ్‌కు తగ్గట్టు టైమింగ్‌లు సరిచేసుకుంటుంది. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. ఏఎం5 (ఏఎండీ ప్రాసెసర్ల సాకెట్ రకం) బోర్డుల్లో ఇది కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది, మధ్యలో మెషిన్ దానంతటదే ఆగి మళ్లీ లేవవచ్చు కూడా. ఓ రాత్రి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, మూడు గంటల నుంచి చస్తున్నాను, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొమ్మ రావట్లేదు. బయోస్ ఐదుసార్లు రీసెట్ చేశాను." రీసెట్ చేసిన ప్రతిసారీ ట్రైనింగ్ మళ్లీ మొదటికొస్తుంది. వాడేమో రెండు నిమిషాలు చూసి ఆపేస్తున్నాడు. "ఒరేయ్, ఆన్ చేసి అవతలి గదిలోకి వెళ్లు. పావుగంట దాకా దాని జోలికి వెళ్లకు" అన్నాను. ఏడో నిమిషంలో కేక వినిపించింది. డీడీఆర్5 అయితే కనీసం పదిహేను నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి.

అప్పటికీ రాకపోతే బోర్డు చెప్పేది వినాలి. చాలా బోర్డుల మీద, ఎక్కువగా 24 పిన్నుల కనెక్టర్ దగ్గర, నాలుగు చిన్న లైట్లు ఉంటాయి: సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డ్రైవ్). ఇందాక చెప్పుకున్న వరుస ఇదే. ఏ లైటు దగ్గర ఆగి అలాగే వెలుగుతూ ఉంటే అక్కడే చిక్కు. ఖరీదైన బోర్డుల్లో రెండంకెల కోడు కనిపిస్తుంది, దాని అర్థం మాన్యువల్ చివర్లో ఉంటుంది. ఏమీ లేని బోర్డు అయితే చిన్న స్పీకర్ ఒకటి తెచ్చి పిన్నులకు తగిలించండి, బీప్‌లను బట్టి తెలుసుకోవచ్చు.

డీర్యామ్ లైటు వెలిగితే ర్యామ్‌ను తీసి మళ్లీ కూర్చోబెట్టండి. ఇది పైపైన చేసే పని కాదు. స్లాటు లివర్లు తెరిచి, ర్యామ్ గాడిని స్లాటు మధ్య గట్టుతో సరిచూసి, రెండు బొటనవేళ్లతో రెండు కొసలనూ నిటారుగా కిందికి నొక్కాలి. ముందు ఒకవైపు టిక్ అంటుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. రెండో వైపు కూడా లోపలికి దిగాలి. చాలా బోర్డుల్లో ఒక కొసకే లివర్ ఉంటుంది కాబట్టి అవతలి కొస పూర్తిగా దిగిందో లేదో కంటితోనే చూడాలి. పక్కనుంచి చూస్తే బంగారు రంగు కాళ్లు రెండు కొసల్లోనూ ఒకే మేర కనిపించాలి. ఒకవైపు ఎక్కువ కనిపిస్తోందంటే ర్యామ్ వాలి ఉంది.

నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్‌లు పెడితే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండోదీ, నాలుగోదీ వాడాలి. పరీక్ష కోసం ఒక్కటే పెట్టాలంటే రెండో స్లాటు. మీ బోర్డు మాన్యువల్ వేరే చెబితే దాని మాటే ఖాయం. ఒక్కో ర్యామ్‌నూ విడిగా ఆ స్లాటులో పెట్టి చూడండి. ఒకదానితో లేచి ఇంకోదానితో లేవకపోతే దోషి దొరికినట్టే.

బయోస్ రీసెట్ ఆ తర్వాతే. ప్లగ్గు తీసి, మాన్యువల్లో చూపించిన జంపర్ పిన్నులను పది సెకన్లు కలపండి. లేదా నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టండి. అంతకుముందు పనిచేసి, ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్ వేగాన్ని పెంచే బయోస్ సెట్టింగ్‌లు) ఆన్ చేశాక ఆగిపోయిన మెషిన్లకు ఇది బాగా పనిచేస్తుంది.

సీపీయూ లైటు వెలిగితే, ముందుగా బోర్డులోని బయోస్ వెర్షన్ మీ ప్రాసెసర్‌ను గుర్తుపట్టేదేనా అని కంపెనీ వెబ్‌సైట్‌లోని సపోర్ట్ జాబితాలో చూడండి. రైజెన్ 5000 ప్రాసెసర్‌ను 400 వరస (బీ450 లాంటి) బోర్డులో, 13వ తరం ఇంటెల్‌ను 600 వరస బోర్డులో, రైజెన్ 9000ను 600 వరస ఏఎం5 బోర్డులో పెట్టినప్పుడు పాత బయోస్ ఉంటే మెషిన్ లేవదు. పార్టులన్నీ మంచివే అయినా ఇలా జరుగుతుంది. బోర్డు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ప్రాసెసర్ పనిచేయకపోయినా అప్‌డేట్ చేసుకోవచ్చు. ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఫైలును మాన్యువల్ చెప్పిన పేరుతో పెట్టి, గుర్తు ఉన్న యూఎస్‌బీ పోర్టులోనే పెట్టాలి. లైటు మిణుకుమిణుకుమంటున్నంతసేపూ కరెంటు పోకూడదు.

ఇంకో చిన్న సంగతి. క్యాబినెట్ రీసెట్ బటన్ లోపలికి ఇరుక్కుపోతే ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, ప్రాసెసర్ మాత్రం ఎప్పటికీ మొదలుకాదు. ఆ వైరు ఒకసారి తీసి చూడండి.

బోర్డును బయట పెట్టి చూడటం

ఏదీ తేలకపోతే బోర్డును క్యాబినెట్ నుంచి బయటికి తీయండి. బోర్డు వచ్చిన అట్టపెట్టె మీద పెట్టండి. స్టాటిక్ నుంచి కాపాడే ఆ మెరిసే కవరు మీద మాత్రం వద్దు, దాని బయటి పొరలో కరెంటు పారే అవకాశం ఉంది. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, పవర్ సప్లై, అంతే. ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ లేకపోతేనే కార్డు కలపండి. డ్రైవ్‌లు, ముందు ప్యానెల్ వైర్లు, అదనపు ఫ్యాన్లు ఏవీ వద్దు. స్క్రూడ్రైవర్‌తో ఆన్ చేయండి.

బయట లేచిందంటే తప్పు క్యాబినెట్‌లోనో, ఇప్పుడు తీసేసిన పార్టుల్లోనో ఉంది. ఒక్కొక్కటే కలుపుతూ, ప్రతిసారీ ఆన్ చేస్తూ వెళ్లండి. బయట కూడా లేవకపోతే, అనుమానించాల్సినవి బల్ల మీద ఉన్న ఆ నాలుగైదు పార్టులే.

అప్పుడు ప్రాసెసర్ తీసి సాకెట్ చూడక తప్పదు. ఏఎం4 (ఏఎండీ పాత సాకెట్) ప్రాసెసర్‌కు పిన్నులు దాని కిందే ఉంటాయి. కూలర్‌ను నిలువుగా లాగితే పేస్టుకు అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి, పట్టు వదిలాకే ఎత్తండి. ఇంటెల్‌లోనూ, ఏఎం5లోనూ పిన్నులు సాకెట్‌లో ఉంటాయి. ఎల్‌జీఏ 1700 అనే ఇంటెల్ సాకెట్‌లో పేరుకు తగ్గట్టే 1700 పిన్నులు. ఫోన్ టార్చిని ఏటవాలుగా పెట్టి చూస్తే పిన్నులన్నీ ఒకే తీరుగా మెరుస్తాయి. వంగినది మాత్రం ఆ వరసలో మచ్చలా కనిపిస్తుంది. తిరిగి బిగించేటప్పుడు కూలర్ కింద ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడండి, స్క్రూలను ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించండి. ఒకవైపే బిగుసుకుంటే ర్యామ్‌లో సగం కనిపించకుండా పోయే అవకాశం ఉంది.

బొమ్మ వచ్చింది, విండోస్ రాలేదు

ఇక్కడిదాకా వచ్చారంటే గండం గడిచింది. కొత్త డ్రైవ్‌లో ఏమీ ఉండదు కాబట్టి బూట్ లైటు వెలగడం, బయోస్ తెర దగ్గరే ఆగడం మామూలే. ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ పెట్టండి. డ్రైవే కనిపించకపోతే ఎం.2 స్లాటు (సన్నని కార్డులాంటి డ్రైవ్ పట్టే చోటు) గురించి మాన్యువల్ చూడండి. కొన్ని స్లాట్లు ఎన్‌వీఎంఈ రకం డ్రైవ్‌నే తీసుకుంటాయి, కొన్ని వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు (కేబుల్‌తో కలిపే డ్రైవ్‌లవి) ఆగిపోతాయి. 500 వరస ఇంటెల్ బోర్డులో 10వ తరం ప్రాసెసర్ పెడితే, ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న ఎం.2 స్లాటు పనిచేయదు. డ్రైవ్‌ను పక్క స్లాటుకు మార్చండి.

పార్టు వెనక్కి పంపాల్సి వస్తే

ఏ పార్టు అన్నది తేల్చుకోవడానికి మంచి మార్గం, పనిచేస్తున్న వేరే మెషిన్‌లో దాన్ని పెట్టి చూడటం. అయితే అనుమానం ఉన్న పవర్ సప్లైని మాత్రం మంచి మెషిన్‌కు తగిలించకండి, దానికీ ఎసరు పెడుతుంది. మీ దగ్గర రెండో మెషిన్ లేకపోతే, రాసుకున్న కాగితం తీసుకుని షాపుకో సర్వీస్ సెంటర్‌కో వెళ్లండి. "ఆన్ కావట్లేదు" అనే మాట కంటే, "ఒక్క ర్యామ్‌తో, రెండో స్లాటులో, బయట పెట్టినా డీర్యామ్ లైటు దగ్గరే ఆగుతోంది, ర్యామ్‌లు రెండూ వేరే మెషిన్‌లో పనిచేశాయి" అంటే అవతలివాళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టరు.

మదర్‌బోర్డునే పంపుతుంటే, పెట్టెలో పెట్టే ముందు సాకెట్‌ను దగ్గరగా ఫొటో తీసుకోండి, దాని మీద వచ్చిన ప్లాస్టిక్ మూతను తిరిగి బిగించండి. ఆ మూత లేకుండా వెళ్తే దారిలో వంగిన పిన్ను కూడా మీరు వంచిందే అవుతుంది, వారంటీ అక్కడితో ఆగిపోతుంది.